నా గది దాటిన తప్పు కాగితం

2018 వానాకాలం. నల్లగొండలో నేను పనిచేసిన దవాఖాన పేరు ఇక్కడ రాయను. అక్కడి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా నాకది పంతొమ్మిదో ఏడు. డెంగ్యూ సీజన్ కావడంతో పొద్దున ఎనిమిదింటికి కిటికీ తెరిచేసరికే కారిడార్ చివరిదాకా జనం నిలబడి ఉండేవారు. అందరికీ ప్లేట్‌లెట్ల లెక్క కావాలి, అందరికీ ఇప్పుడే కావాలి. ఉన్నది ఇద్దరం టెక్నీషియన్లం. తప్పును కప్పిపుచ్చుకోవడానికి ఇదంతా చెప్పడం లేదు, అది ఎలాంటి రోజుల్లో జరిగిందో చెబుతున్నాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరెవరి మీద మండుతుందో వరుసగా చెబుతాను. ఆ వరుసలో నేనూ ఉన్నాను.

సునీతది కట్టంగూర్ దాటినాక రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు. అత్తగారివాళ్లది గొర్ల కాపరుల కుటుంబం. మామ బీరయ్య ఆమెకు పరాయివాడు కాదు, తల్లికి సొంత అన్న. మేనరికం. భర్త మల్లేష్ ఇంటిపట్టున పొలం చూసుకునేవాడు, మరిది లింగస్వామి మందతో తిరిగేవాడు. సునీతకు మూడేళ్ల కూతురు వైష్ణవి. ఆ పాపకు తలసీమియా మేజర్. ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు అది. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అందుకే సునీత నాకు మొహం చూస్తే గుర్తుపట్టేంత పరిచయం. సంకలో పిల్ల, చేతిలో ఫైలు, పొద్దున మొదటి బస్సుకే దిగేది. ఫైలు మాత్రం ఎంత పద్ధతిగా ఉండేదో! మా రికార్డు రూమ్ వాళ్లు ఆమె దగ్గర కూచుని నేర్చుకోవచ్చు.

రెండో కాన్పు గురించి అడిగితే పిల్లల డాక్టరు ముందుగా భార్యాభర్తలిద్దరికీ హెచ్‌పీఎల్‌సీ చేయించమన్నారు. రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత ఉందో విడదీసి చూపే పరీక్ష అది. తల్లికీ తండ్రికీ ఒక్కొక్క చెడిన జీన్ ఉంటే వాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు. అలాంటివాళ్లను క్యారియర్ అంటాం. ఇద్దరి దగ్గరి నుంచీ చెడిన జీనే బిడ్డకు వస్తే మేజర్ అవుతుంది. "ఇద్దరికి ఉంటేనే పిల్లకు వస్తది, ఒక్కరి తప్పు కాదు" అని బీరయ్యతో, మల్లేష్‌తో చెప్పింది నేనే. సునీతను తిట్టకుండా ఉంటారని అంత గట్టిగా చెప్పాను.

సునీత తన సాంపిల్ వార్డులోనే ఇచ్చింది. రెండు రోజుల తర్వాత, ఆ జనంలోనే, నింపిన ఫారం పట్టుకొని ఒకతను కిటికీ దగ్గరకొచ్చాడు. ఫారం మీద మల్లేష్ అని ఉంది. "మల్లేష్ ఎవరు?" అని పిలిచాను. "ఊ" అని కుర్చీలో కూచుని చెయ్యి చాపాడు. సూది గుచ్చి, ట్యూబు మీద పేరు రాశాను. బ్లడ్ గ్రూపు మా దగ్గరే చూసి ఎ పాజిటివ్ అని రాసిపెట్టాను. మిగతాది హైదరాబాద్ పంపాం. ఆ మనిషి తల కూడా ఎత్తలేదు, నేనూ అతని మొహంలోకి చూడలేదు.

రిపోర్టులు వచ్చాయి. సునీత క్యారియర్. మల్లేష్ నార్మల్. రెంటినీ ఒకే కవర్లో పెట్టి బీరయ్య చేతికిచ్చాను. మేజర్ ఉన్న బిడ్డ తండ్రికి నార్మల్ రిపోర్టు రావడం ఎప్పుడో అరుదుగా తప్ప జరగదు. అది తెలిసిన మనిషి ఆ ల్యాబ్‌లో నేను ఒక్కదాన్నే. ఆ కాగితం నా బల్ల మీదే ఆగిపోవాల్సింది. అటువైపు ప్లేట్‌లెట్ల కోసం ఎవరో అరుస్తున్నారు. కవరు అంటించాను.

డిసెంబర్‌లో సునీత వచ్చింది. పాపకు రక్తం ఎక్కించాల్సిన తేదీ దాటి ఇరవై రోజులైంది. పిల్ల పెదవులు తెల్లగా సున్నం కొట్టినట్టున్నాయి, తల తల్లి భుజం మీద వాల్చేసింది. నాకు కోపమొచ్చింది. "ఏమైంది సునీతా? గిన్ని దినాలు ఎట్ల ఆపినవ్? పిల్ల సంగతి నీకు ఎరుక లేదా?" అని గదమాయించాను.

"నన్ను ఎల్లగొట్టిన్రు మేడం," అంది. గొంతులో ఏడుపు లేదు. "మా అవ్వగారింట్ల ఉంటున్న. ఫైలు గూడ ఇయ్యలే. నిన్న మా అన్న పోయి కొట్లాడి తెచ్చిండు."

జరిగింది ఇది. బీరయ్య ఆ రిపోర్టులను ఊరి ఆర్‌ఎంపీకి చూపించాడు. జ్వరాలకు సూదులేసుకునే ఆ మహానుభావుడు ఫోన్లో ఏదో వెతికి, తల పంకించి, తీర్పు చెప్పాడు. ఇద్దరికి ఉంటేనే పిల్లకు వస్తదట గద, మల్లేష్‌కు లేదు, మరి పిల్ల ఎవరిది? నేను చెప్పిన మాటే, నా కాగితమే. వారం తిరగకుండా సంఘం బిల్డింగులో కులపెద్దలు కూచున్నారు. సొంత చెల్లెలి కూతురిని బీరయ్య నలుగురి మధ్య నిలబెట్టి, పిల్లకు తండ్రి ఎవరో చెప్పమన్నాడు. "అది చెడ్డ రక్తం, మా ఇంటిది కాదు" అన్నాడట. ఇంటి ఆడపడుచు కూతురి రక్తం ఆ ఇంటిది కాకుండా ఎలా పోయిందో అక్కడున్న పెద్దమనుషుల్లో ఒక్కరికీ అనుమానం రాలేదు!

"మల్లేష్ ఏమన్నడు?" అని అడిగాను.

"నేల చూసుకుంట కూసున్నడు."

పాపను వార్డులో పడుకోబెట్టించి, ఫైలు తెరిచాను. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పాప గ్రూపు బి పాజిటివ్. సునీతది ఓ. మల్లేష్ రిపోర్టు మీద నా చేతిరాతతో ఎ పాజిటివ్. తల్లి ఓ, తండ్రి ఎ అయితే బిడ్డకు బి రాదు. అది చూడగానే నాకు ఏమనిపించిందో తెలుసా? 'అయితే నిజమేనేమో' అనిపించింది. పంతొమ్మిదేళ్లు సాంపిళ్లు చూసినదాన్ని, ట్యూబులు తారుమారు కావడం ఎన్నిసార్లో కళ్లారా చూసినదాన్ని, నాకు ముందు తట్టింది నా పని తప్పయి ఉంటుందని కాదు. ఆడమనిషి తప్పు చేసి ఉంటుందని. ఆర్‌ఎంపీని మహానుభావుడని వెక్కిరించాను కదా, ఆ కాసేపు నాకూ అతనికీ తేడా లేదు. సిగ్గుపడుతూ రాస్తున్నాను.

సునీత నా మొహం చదివింది. "మీరు గూడ గట్లనే అనుకుంటున్నరా మేడం?"

నేను ఫైలులోకి తల దించాను. "మల్లేష్ ఎప్పుడన్న రక్తం ఇచ్చిండా?" అని మాత్రం అడిగాను.

"పోయినేడు ఇయ్యనీకి ఇక్కడికే వచ్చిండు. రక్తం తక్కువున్నదని తీసుకోలే. దోస్తులందరు నవ్విన్రు. అప్పటిసంది సూది అంటెనే ఇటు దిక్కు రాడు."

కారిడార్ చివర బ్లడ్ బ్యాంక్ ఉంది. తీసుకోకుండా పంపేసిన దాతలకు అక్కడ వేరే రిజిస్టర్ ఉంటుంది. దాన్ని దుమ్ము దులిపి తిరగేసేవాళ్లు ఎవరూ ఉండరు. అరగంట వెతికాను. మల్లేష్, ఊరి పేరు, తండ్రి బీరయ్య. హిమోగ్లోబిన్ 11.2. గ్రూపు బి పాజిటివ్.

మనిషి బ్లడ్ గ్రూపు ఏడాదిలో మారదు. నా కుర్చీలో కూచుని "ఊ" అన్నది మల్లేష్ కాదు. పైగా బలంగా కనిపించే మగవాడికి హిమోగ్లోబిన్ అంత తక్కువగా ఉంటే క్యారియర్ కావచ్చని అనుమానించాలి. ఆ అనుమానం ఏడాది ముందే ఎవరికైనా రావాల్సింది. రాలేదు. తిప్పి పంపారు, దోస్తులు నవ్వారు, కథ అయిపోయింది.

వార్డుకు వెళ్లి సునీతకు చెప్పాను. ఆమె పొంగిపోలేదు. సంచీలోంచి చుక్కచుక్కగా దిగుతున్న రక్తాన్ని చూస్తూ, "గని నాల చెడ్డ రక్తం ఉన్నదన్నది నిజమే గద మేడం?" అని అడిగింది. ఆ మాట ఆమె మనసులో ఎంత లోతుకు దిగిందో అప్పుడు తెలిసింది. కుర్చీ లాక్కొని కూచున్నాను. ఆ రోజు ఆమెకు చెప్పినదే మీకూ చెబుతాను.

"తాసీల్ ఆఫీసుల భూమిది అసలు పహాణీ బయటికి ఇయ్యరు గద, నకలే ఇస్తరు. మన ఒంట్ల గూడ గంతే."

రక్తాన్ని తయారుచేసే కణంలో న్యూక్లియస్ అని ఒక గది ఉంటుంది. డీఎన్‌ఏ అనే అసలు దస్తావేజు అక్కడే ఉంటుంది, బయటికి రాదు. హిమోగ్లోబిన్ చేయాలంటే అందులోని ఆ భాగానికి నకలు తీస్తారు. దాని పేరు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. తీసిన నకల్లో అక్కరలేని ముక్కలు కూడా ఉంటాయి. వాటిని కత్తిరించి మిగతావాటిని అతకాలి, దీన్నే స్ప్లైసింగ్ అంటారు. పాప ఫైలులోని డీఎన్‌ఏ రిపోర్టు ప్రకారం, ఆ జీన్‌లో కత్తెర పడాల్సిన చోటు పక్కన ఒకే ఒక్క అక్షరం మారింది. కత్తెర పక్కకు పోతుంది. నకలు చెడిపోతుంది.

అసలు చూడాల్సింది ఆ తర్వాత జరిగేది. గదిలోనే కాపలా ఉంటుంది. కత్తిరింపు, అతుకు సరిగా ఉన్నాయా అని కొన్ని ప్రొటీన్లు ఆ నకలును పట్టుకుని చూస్తాయి. బాగుంటే గడప దాటనిస్తాయి. బాగా లేకపోతే అక్కడే ఆపేస్తాయి. ఎగ్జోసోమ్ అని పీపా ఆకారంలో ఒక యంత్రం ఉంటుంది, అది ఆ చెడ్డ నకలును తోక నుంచి మొదలుపెట్టి నమిలి ముక్కలు చేస్తుంది. కొన్ని కాపలాను తప్పించుకొని బయటపడితే, అక్కడ చదివేటప్పుడు ఇంకో కాపలా పట్టుకుంటుంది. అలా చెడ్డ నకళ్లన్నీ నాశనమవుతాయి, మంచివి చాలా కొద్దిగా మిగులుతాయి. అందుకే పాపకు హిమోగ్లోబిన్ చాలడం లేదు. సునీతకు రెండో జీన్ మంచిది కాబట్టి సరిపోతోంది.

"అంటె చెడ్డది ఒంట్ల తిరుగుతలేదా?" అని అడిగింది సునీత.

"తిరుగనియ్యది. లోపట్నే పట్టుకొని తుంచేస్తది. నీ ఒళ్లు చేస్తున్న పని సక్కగనే చేస్తున్నది."

ఆమె ఫైలులోంచి మల్లేష్ పేరున్న రిపోర్టు బయటికి తీసింది. "మరి మీ దగ్గర కాపలా లేదా మేడం? ఆ కాగితం బయటికెట్ల వచ్చింది?"

నా బతుకులో నన్ను ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఏ అధికారీ అంత సూటిగా అడగలేదు.

ఫోన్ చేసి ఆ ఇంటి మగవాళ్లు బీరయ్యను, మల్లేష్‌ను, లింగస్వామిని ముగ్గురినీ రప్పించాను. మందను పొలాల్లో వదిలి లింగస్వామి నేరుగా వచ్చాడు, భుజం మీద గొంగడి కూడా తీయలేదు. వానలు వెనుకపట్టగానే కృష్ణా నది వైపు మందతో పోయినవాడు, పంచాయితీ జరిగిన సంగతే అతనికి తెలియదు. కుర్చీ చూపించి, "గా దినం దీంట్ల కూసున్నది ఎవరు?" అని అడిగాను.

"నేనే మేడం," అన్నాడు లింగస్వామి, దాచాల్సిందేమీ లేనట్టు. "అన్న రక్తం మీరు తీసుకోరు గద, తక్కువున్నదంటిరి. నాది మంచిగుంటదని నేనే ఇచ్చిన. పాప కోసం ఇంట్ల ఎవరన్న ఒకరు ఇయ్యాలె అని మీరే అంటరు గద ఎప్పటికి."

తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించినప్పుడు బదులుగా ఇంటివాళ్లను రక్తం ఇవ్వమని అడగకూడదని నిబంధన ఉంది. స్టాకు లేదని మావాళ్లు మూడు వారాలకోసారి అడుగుతూనే ఉన్నారు. ఎవరిస్తేనేం, సంచీ నిండితే చాలు అన్నట్టు వాళ్లకు నేర్పింది మేమే. ఎక్కించడానికి తీసే రక్తం వేరు, పరీక్షకు తీసే రక్తం వేరు అని ఎవరం చెప్పాం? పాపకు మంచి రక్తం ఇద్దామని మంద వదిలి వచ్చిన బాబాయి అతను. అతని మీద కోపం ఎలా వస్తుంది?

కోపమంతా మల్లేష్ మీదికి పోయింది. "నీకు ఎరుకనే గద, నువ్వు ఇయ్యలేదని! నీ పెండ్లాన్ని నలుగురిల నిలబెడితె నోరెందుకు లేవలే?"

"అందరు నా రక్తం మంచిగున్నదన్నరు మేడం," అన్నాడు నేల చూపులు చూస్తూ. "తక్కువున్నదని మల్ల ఎట్ల చెప్పాలె? నవ్వుతరు."

"నువ్వు నవ్వులపాలు గావద్దని ఆమె ఎల్లిపోవాల్నా? నీ బిడ్డ ఇరవై దినాలు రక్తం లేక ఎండాల్నా? సూడు అటు, ఆ పిల్ల మొకం సూడు!" అని అరిచాను. కారిడార్లో జనం తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

బీరయ్య గోడకు ఆనుకొని నిలబడ్డాడు. "నాకేం ఎరుక తల్లీ, కాగితంల ఉన్నదే నేను అన్న," అన్నాడు. అతని చేతికి ఆ కాగితం ఇచ్చింది నేనే.

ఈసారి మల్లేష్ ఆధార్ కార్డు చూసి, పేరు, తండ్రి పేరు అతని నోటితోనే చెప్పించి సాంపిల్ తీశాను. గ్రూపు బి. హెచ్‌పీఎల్‌సీలో క్యారియర్. డీఎన్‌ఏ పరీక్షకూ పంపాం. భార్యాభర్తలిద్దరిలో అదే జీన్‌లో, అదే చోట, అదే ఒక్క అక్షరం. మేనత్త మేనమామల బిడ్డలు కదా, ఒకే పూర్వీకుల దగ్గరి నుంచి ఇద్దరికీ వచ్చి ఉంటుంది. బీరయ్య మా ఇంటిది కాదన్న రక్తం అచ్చంగా ఆ ఇంటిదే.

కొత్త రిపోర్టు చేతికిస్తే సునీత తీసుకోలేదు. "నలుగురి ముంగట అన్నరు మేడం. గీ రూంల మీరు నాకు చెప్తె ఏమొస్తది? అన్న కాడనే చెప్పాలె. కాగితం ఇచ్చినోళ్లే చెప్పాలె."

పై అధికారితో ఈ మాట చెబితే ఆయన టీ కప్పు కింద పెట్టి, "ల్యాబ్ మిస్టేక్ అని నువ్వే ఊళ్లోకి పోయి చాటింపు వేస్తావా? సవరించిన రిపోర్టు ఇచ్చాం, మన పని అయిపోయింది" అన్నారు. మన పని అయిపోయిందట! మా పని వల్ల ఒక మనిషి బతుకు రోడ్డున పడితే, ఇంకో కాగితం అచ్చు వేసి ఇస్తే అయిపోయిందట. మర్నాడు సెలవు చీటీ రాసిపెట్టి కట్టంగూర్ బస్సెక్కాను. తన రిపోర్టు నలుగురిలో నేను చదవడానికి మల్లేష్ ఒప్పుకున్నాడు. ఆ ఒక్కటైనా చేశాడు.

సంఘం బిల్డింగులో పది పదిహేను మంది ఉన్నారు, సునీత పాపను ఒళ్లో పెట్టుకొని తల్లి పక్కన కూచుంది. ఆర్‌ఎంపీకి ఆ రోజే నకిరేకల్‌లో అర్జెంటు పని పడిందట, రాలేదు. నేను నిలబడి చెప్పాను. పరీక్షకు వచ్చిన మనిషి ఎవరో చూసుకోకుండా రక్తం తీసింది నేను, చూడగానే అనుమానించాల్సిన కాగితాన్ని బయటికి వదిలింది నేను, మల్లేష్‌కూ సునీతకూ ఉన్నది ఒకటే లోపం, పాప వాళ్లిద్దరి బిడ్డ. లింగస్వామి లేచి తానే రక్తం ఇచ్చానన్నాడు. చివరికి మల్లేష్ కూడా లేచాడు. "నాకే ఉన్నది. నేనే చెప్పలే," అన్నాడు. అంతే అన్నాడు.

ఒక పెద్దమనిషి కండువా దులుపుకొని, "సరే, మంచిదే అయింది. అయిందేదో అయింది. పిల్లను తోల్కపోరి," అన్నాడు. దూడ తప్పిపోయి దొరికినంత తేలిగ్గా అన్నాడు! ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "తప్పయింది బిడ్డా" అనలేదు.

సునీత పాపను ఎత్తుకొని లేచింది. "మంచిదెట్లయితది? గా దినం నా నోటి మాట ఎవరు ఇనలే. ఇయ్యాల మేడం కాగితం పట్టుకొస్తె ఇన్నరు. రేపు ఇంకో కాగితం వస్తె మల్ల గిట్లనే ఎల్లగొడతరు గద?" అంది. మామ వైపు తిరిగి, "నేను రాను మామా. రావాలని నాకు అనిపిస్తె నేనే వస్త," అని తల్లి వెనకాల నడిచి బయటికి పోయింది. బీరయ్య తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఎనిమిది నెలల తర్వాత ఆమె అత్తగారింటికి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో నేను అడగలేదు. మల్లేష్ ఆ ఎనిమిది నెలలూ మూడు వారాలకోసారి వార్డు బయట వచ్చి నిలబడేవాడు, పాపకు బిస్కెట్ పొట్లం ఇచ్చి పోయేవాడు.

ఆ కేసు తర్వాత నా ల్యాబ్‌లో పద్ధతి మారింది. పేరు నేను చదివి ఊ అనిపించుకోను, వాళ్ల నోటితోనే చెప్పిస్తాను, మొహం చూస్తాను, కార్డు చూస్తాను. ఒక ఇంటివాళ్ల రిపోర్టులు ఒకదానికొకటి పొసగకపోతే బల్ల దాటనివ్వను. క్యూలో ఎంత మంది అరిచినా సరే. ఆమెకు పొగరు అని నాకు పేరు వచ్చింది. రానీ. కంటికి కనిపించని కణం చేసే ఆ పాటి పనిని జీతం తీసుకునే మనిషి చేయలేకపోతే ఎందుకు?

కాని ఆ పద్ధతికి కూడా ఒక మూల్యం ఉందని నాకు తర్వాతే తెలిసింది. రక్తం ఎక్కించే ముందు బిడ్డ పేరు, తండ్రి పేరు ప్రతిసారీ అడిగి సరిచూసుకోవాలి. పంచాయితీ అయ్యాక మొదటిసారి సునీత వచ్చినప్పుడు సంచీ చేతిలో పట్టుకుని, అలవాటుగా, "పాప పేరు?" అన్నాను. చెప్పింది. "తండ్రి పేరు?" అన్నాను.

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. "మీరు గూడ అడుగుతరా మేడం?" అంది.

అడగకుండా ఎక్కించడానికి లేదు. తల వంచుకొని మళ్లీ అడిగాను. వార్డంతా వినేటట్టు చెప్పింది.